పెండ్లివిందు - పానీయాల పద్దు

పెండ్లివిందుకు బియ్యం ఎంత పోయాలో చెప్పగల పెద్దలు మనలో వీధికొకరైనా ఉంటారు. పప్పు ఎంత, నూనె ఎంత, వంకాయలు ఎన్ని అని అడిగితే వారు కాగితమూ కలమూ అక్కరలేకుండానే చెప్పివేస్తారు. కాని "త్రాగడానికి ఎంత తేవాలి?" అన్న ప్రశ్న వచ్చేసరికి ఆ పెద్దలే ఒకరి ముఖం ఒకరు చూచుకొంటారు. లెక్క రాక కాదు. ఆ లెక్కలో పరువు కలిసిపోయి ఉండడం చేత. పరువును కొలిచే పాత్ర ఇంతవరకూ ఏ కంచరీ పోతపోయలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణకు ఆనుకొని, తార్నాకకు దగ్గరలో, మాణికేశ్వర్ నగర్ అనే బస్తీ ఉన్నది. దానికే వడ్డెర బస్తీ అని మరొక పేరు. వడ్డెరలంటే రాతిని నమ్ముకొని బ్రతికినవారు. ఒకవంక 1939లో ప్రారంభోత్సవం జరుపుకొన్న ఆర్ట్స్ కళాశాల రాతిమేడ, మరొకవంక ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్లున్న చిన్న యిండ్లు. ఆ బస్తీపేరు వినగానే నా చెవికి "మానిక" అన్న మాట తోస్తుంది. పేరుకూ ఆ కొలతకూ సంబంధం లేదని తెలిసినా చెవి మాట వినదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం - ఇది మన తాతల లెక్క. నేడు విందు చేసేవారి నోట గిద్దా లేదు, సోలా లేదు. క్వార్టరు, హాఫు, ఫుల్లు, పెట్టె - ఇవే కొలతలు.

గడచిన వేసవిలో ఆ బస్తీలోని తాపీమేస్త్రీ ఒకరు, నాకు చాలాకాలంగా తెలిసినవారు, కుమారుని రిసెప్షనుకు పిలవడానికి వచ్చి, పిలిచిన తరువాత కూడా లేవకుండా కూర్చున్నారు. ఆయనతో వచ్చిన బావమరిది జేబులోనుంచి కాగితం తీశాడు.

"సారూ, మీరు లెక్కలు తెలిసినోళ్లు. మూడు వందల మందికి మందు ఎంత తేవాలె, జర చెప్పుండ్రి" అన్నారు మేస్త్రీ.

నేను నోరు విప్పేలోగానే బావమరిది అందుకొన్నాడు: "గీనికి సారెందుకు బావా! తలా ఒక క్వార్టరు రాస్కో. బీరు వేరే. తక్కువ పడితే వియ్యపోళ్ల ముందర ఇజ్జత్ పోతది."

తలా ఒక క్వార్టరు! క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. పెట్టెకు 48 వస్తాయి. మూడు వందలకు ఆరు పెట్టెలు చాలవు. ఏడు పెట్టెలు కావాలి. అంటే 336 సీసాలు, అరవై లీటర్లు. ఈ అరవై లీటర్లు మేస్త్రీ ఎన్ని దినాల కూలి మ్రింగుతాయో నేను అడగలేదు. ఆయన ముఖం చూస్తే ఆ లెక్క అంతకుముందే వేసికొన్నట్లు తెలుస్తూనే ఉన్నది.

ముందు మనుషులను లెక్కపెట్టుదామన్నాను. మూడు వందలలో పిల్లలు ఎనభైమంది. స్త్రీలు నూటపదిమంది. ఆ స్త్రీలలో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు కల్లు పుచ్చుకొనేవారున్నా, సీసా ముట్టరట. మిగిలినది నూటపదిమంది మగవారు. వారిలో వైద్యుడు వద్దన్నవారు, నియమం కలవారు, అలవాటు లేనివారు, బండి నడుపుకొంటూ పోవలసినవారు కలిసి నలభైమంది తేలారు. ఇక నిలిచినది డెబ్బైమంది. వారిలో ఇరవై అయిదుగురు బీరువారు. సీసాలో చేయి పెట్టేవారు నలభై అయిదుగురే! మూడు వందలకు వేసిన పద్దు నలభై అయిదుగురి కోసమన్నమాట. బావమరిది కాగితం మడిచి మళ్లీ విప్పాడు.

ఇక మనిషికి ఎంత? పాశ్చాత్య దేశాలలో విందులు చేసేవారికి ఒక సూత్రమున్నది: మొదటి గంటలో రెండు గ్లాసులు, ఆపైన గంటకొకటి. ఈ సూత్రాన్ని మనవారు కూడా చదివి, గ్లాసుకు పెగ్గు అని అర్థం చెప్పుకొని, మూడు గంటల విందుకు నాలుగు పెగ్గులు వ్రాసుకొంటారు. ఇక్కడనే పొరపాటు. ఇంగ్లండులో మామూలు కొలత 25 మిల్లీలీటర్లు. అమెరికాలో సుమారు 44. మన పెద్ద పెగ్గు 60. పైగా మన విస్కీ, బ్రాందీలలో సాధారణంగా నూటికి 42.8 పాళ్లు మద్యసారమే. ఒక పెద్ద పెగ్గులో దాదాపు ఇరవై గ్రాముల మద్యసారం ఉంటుంది. పలుదేశాల వైద్యులు పది గ్రాములను ఒక "పానీయం"గా లెక్కిస్తారు. ఆ లెక్కన మన పెగ్గు ఒకటి కాదు, రెండు; క్వార్టరు సీసా ఆరు. తెల్లవాని సూత్రాన్ని నల్లవాని గ్లాసుతో కొలిస్తే సూత్రం నిలుస్తుంది గాని మనిషి నిలవడు.

మోటారు వాహనాల చట్టం నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాముల మద్యసారం దాటితే బండి నడపరాదంటున్నది. అతిథులు విందు ముగించుకొని పోవలసినది తార్నాక చౌరస్తా మీదుగానే గదా! బహిరంగంగా జరిగే విందులో మద్యం పోయాలంటే ఆబ్కారీ శాఖవారి ఒకనాటి అనుమతి కావాలనీ, ఇరవై ఒక్క యేండ్లు నిండనివారికి పోయరాదనీ కూడా చట్టమున్నది. ఈ రెండు సంగతులు పద్దులో ఎవరూ వ్రాయరు.

మనిషికి రెండు పెగ్గులనుకొంటే నలభై అయిదుగురికి తొంభై పెగ్గులు. 750 మిల్లీలీటర్ల సీసాకు పన్నెండు పెగ్గులు పైచిలుకు వస్తాయి. ఎనిమిది సీసాలు చాలు. బీరు మనిషికి రెండేసి చొప్పున యాభై సీసాలు. ఏడు పెట్టెల క్వార్టర్లకు బదులు ఎనిమిది ఫుల్లు సీసాలు!

బావమరిది ఊరుకోలేదు. "గట్ల కొలిచి పోస్తే ఎట్ల సారూ? అయిపోతే?" అన్నాడు.

ఈ "అయిపోతే?" అన్న భయం ఈ బస్తీలో పుట్టినది కాదు. యోహాను సువార్తలో కానా అనే ఊరి పెండ్లిలో ద్రాక్షారసం అయిపోయింది. ఆ సంగతి మొదట కనిపెట్టి కుమారునితో చెప్పినది ఒక తల్లి. అక్కడ ఆరు రాతిబానల నీరు ద్రాక్షారసమై పెండ్లివారి పరువు నిలిచినదని కథ. రెండువేల యేండ్లనుంచి విందు చేసేవాడి గుండె ఈ ఒక్కచోటనే కొట్టుకొంటున్నది. కాని అద్భుతాలు ప్రతి పెండ్లిలోనూ జరగవు. మన బానలో నీరు నీరుగానే ఉంటుంది. అప్పు మాత్రం వడ్డీగా మారుతుంది.

అసలు సంగతి ఇక్కడ ఉన్నది. బియ్యం అంచనా వేయవచ్చు. ఎందుకంటే కడుపునకు ఒక కొలత ఉన్నది. ఎక్కువ వండితే అన్నం మిగులుతుంది. మిగిలినదాన్ని చూచి మనం ఎంత తప్పామో తెలిసికొంటాము, రాబోయే విందుకు దిద్దుకొంటాము. మద్యం అట్లా కాదు. ఎనిమిది సీసాలు తెస్తే ఎనిమిదీ అయిపోతాయి. ఎనభై తెస్తే ఎనభైకీ ముక్తి కలుగుతుంది. పెట్టె కనబడుతున్నంతసేపు కూర్చున్నవాడు లేవడు, లేచినవాడు తిరిగి వస్తాడు. ఒకవేళ నాలుగు సీసాలు మిగిలినా అవి అటక మీద ఊరక పడి ఉండవు. ఆ వారంలోనే ఆ యింటి పడుచువారి చేతికి చిక్కుతాయి. కనుక మనం తెచ్చినది అక్కరకు కొలత కాదు. తెచ్చినదే అక్కరను పుట్టిస్తుంది. మద్యానికి అంచనా లేదు. హద్దు మాత్రమే ఉన్నది. అంచనా వేస్తున్నామనుకొని మనం చేస్తున్న పని నిజానికి ఒక ఆజ్ఞ జారీ చేయడం: "మీరందరు ఇంతవరకు త్రాగండి" అని.

కల్లు కాలంలో ఈ చిక్కు ఇంతగా లేదు. కల్లులో మద్యసారం తక్కువ. పైగా చెట్టునుంచి దిగిన కుండ మరునాటికే పులిసి పాడవుతుంది. దాచి పెట్టడానికి వీలులేదు. గీసేవాని చెట్లు ఎన్నో, ఆనాటి విందుకు హద్దు అంతే. ప్రకృతి వేసిన హద్దును సీసామూత తొలగించింది. ఇక హద్దు వేయవలసినవాడు మనిషే.

"ఇట్లయితే అసలే వద్దనరాదా?" అని మద్యపాన వ్యతిరేకులు నన్నడుగవచ్చు. వారి మాటమీద నాకు గౌరవమున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న ఆడవారు లేచి నిలిస్తే, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైనది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధమే వచ్చినది. 1997లో అది సడలిపోయింది. ఆ రెండేండ్లలో దొంగచాటు సరుకు రాలేదని ఎవరూ అనలేరు. కాని ఒక సంగతి మరువరాదు: ఆ రెండేండ్లలో తెలుగుదేశంలో పెండ్లిళ్లు ఆగలేదు, వియ్యంకులు విడిపోలేదు. గ్లాసు లేకపోతే పరువు పోతుందన్నది పరీక్షకు నిలవని మాట అని ఆ కాలమే చూపింది. వద్దనగలిగినవారు వద్దనడమే మేలు. కాని అనలేనివాడికి కూడా ఒక మెట్టు ఉండాలి గదా! కాదనలేని గృహస్థు కనీసం కొలవగలగాలి.

కొలవకుండా ధారాళంగా తేవలసినవి వేరే ఉన్నాయి. హైదరాబాదు వేసవిలో మూడు వందలమంది ఒక షామియానా క్రింద మూడు నాలుగు గంటలు కూర్చుంటే మనిషికి లీటరు నీరు పెట్టుకోవాలి. ఇరవై లీటర్ల క్యానులు పదిహేను. మరొక అయిదు ఎక్కువ వేసినా నష్టం లేదు. మిగిలిన నీరు చెట్టుకు పోస్తాము. తలా ఒక గ్లాసు మజ్జిగకు అరవై లీటర్లు. ఒక పాలు పెరుగుకు మూడు పాళ్లు నీరు కలిపితే పదిహేను లీటర్ల పెరుగు. పిల్లలు, స్త్రీలు, త్రాగనివారు కలిసి రెండువందల ముప్పైమందికి చల్లని పానీయం; రెండు లీటర్ల సీసాకు పది గ్లాసుల చొప్పున ఇరవైమూడు సీసాలు. ఈ పద్దులలో ఎక్కువ తెచ్చినవాడు చెడిపోడు. నూటికి డెబ్బై అయిదుగురికి పైగా మనుషుల దాహం ఇక్కడే తీరుతుంది. అయినా మన పద్దులలో ఇది ఎప్పుడూ చిట్టచివరనే ఉంటుంది. ఒక్కొక్కసారి ఉండనే ఉండదు. నీరు అయిపోయిన విందులు నేను చూచాను. అక్కడ పరువు పోయిందని ఎవరూ అనలేదు. పిల్లలు మాత్రం ఏడ్చారు.

మేస్త్రీగారి విందుకు నేను వెళ్లాను. వారు ఎనిమిది సీసాలకు ఒప్పుకోలేదు. పన్నెండు సీసాల పెట్టె ఒకటి తెచ్చారు. బావమరిది మాట పూర్తిగా త్రోసివేయడం సంసారికి సాధ్యమా! రాత్రి పదిన్నర కాకముందే అవి అయిపోయినవి. ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఒక పెద్దమనిషి "ఇంతేనా?" అని వినబడేటట్లుగానే అన్నాడు. వియ్యపువారి వరుసలో కూర్చున్న ఒక ముసలాయన "ఇంతే. లేచి అన్నం తిందాం పా" అని లేచాడు. ఆయన వెనుక పదిమంది లేచారు. భోజనాల బంతులు నిండినవి. వండినది వండినట్లు ఖర్చయినది. మేస్త్రీ ముఖం ఆ "ఇంతేనా?" దగ్గర కొంచెం వాడిన మాట నిజం. ఆ వాడుట ఒక రాత్రిది. ఏడు పెట్టెలు తెచ్చి ఉంటే వాడేది ఒక సంవత్సరం.

నేను సెలవు తీసికొంటూ ఉండగా వరుని తల్లి గడపలోనికి వచ్చింది. అంతవరకు ఆమె ఈ లెక్కలలో ఒక్క మాట కూడా అనలేదు. ఎవరూ ఆమెను అడగలేదు. అడిగినవాడిని కాను నేను కూడా. ఆమె మెడలోని గొలుసు మెడలోనే ఉన్నది. "సారూ, వచ్చే యేడు బిడ్డ పెండ్లి పెట్టుకుంటం. గప్పుడు కాయితం మీద ముందు నీళ్లు రాయుండ్రి" అన్నది.

పద్దులు వ్రాసేవారందరికీ నేను చెప్పదలచినది అంతకంటె ఎక్కువ లేదు. ముందు నీరు వ్రాయండి, తరువాత మజ్జిగ వ్రాయండి. మూడవ పంక్తికి వచ్చినప్పుడు, కలం ఆ యింటి ఇల్లాలి చేతికి ఇవ్వండి.