ఎకరాలు లెక్కపెట్టిండ్రు, నోళ్లు లెక్కపెట్టలే

నెత్తిమీది నుంచి విమానం పోయినప్పుడల్లా మా వాడల పిల్లలు ఆట ఆపి పైకి చూస్తరు. చూడనియ్యండి, పిల్లలు కదా. కాని ఆ విమానం దిగే నేల మీద వాళ్ల తాతలు నాగలి పట్టిండ్రని, వాళ్ల నాయనమ్మలు పరిగె ఏరిండ్రని ఏ బడి పుస్తకంలోనూ లేదు. ఆ ముచ్చట మనమే చెప్పుకోవాలి. ఇప్పుడెందుకు చెప్పుకోవాలంటే, శంషాబాద్‌లో జరిగిందే రేపు యాచారంలో, కందుకూరులో, కడ్తాల్‌లో జరగబోతున్నది కనుక.

2008 మార్చి 14న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. 23 నుంచి విమానాలు దిగినయి. ఆ రోజుల్లో రాష్ట్రంలో లేచిన పెద్ద లొల్లి ఏందో యాదికున్నదా? పేరు గురించి. రాజీవ్ గాంధీ పేరు పెట్టాలా, ఎన్.టి. రామారావు పేరు పెట్టాలా అని రెండు పార్టీలు రోడ్డెక్కినయి. గొల్లపల్లి, అనంతరెడ్డిగూడ, గల్వగూడ అనే పేర్లు మాత్రం ఏ పార్టీ నోటా రాలేదు. ఊరు పోయినోనికి కనీసం ఊరి పేరన్నా మిగలాలి కదా!

విమానాశ్రయమే వద్దని మేము ఏనాడూ అనలేదు. మా పిల్లలు కూడా అందులో ఎక్కాలి, నడపాలి. మా పేచీ వేరే. ఎవరికి ఏమిచ్చిండ్రు అన్నదే మా పేచీ. 1998లో శంషాబాద్‌ను ఎంపిక చేసిండ్రు. 2004 డిసెంబర్‌లో ఒప్పందాల మీద సంతకాలైనయి. 5,495 ఎకరాలు 30 ఏండ్ల లీజుకు, ఇంకో 30 ఏండ్లు పొడిగించుకునే వీలుతో కంపెనీకి అప్పజెప్పిండ్రు. అది చాలదని రాష్ట్ర సర్కారు 315 కోట్లు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. ఇంకో 107 కోట్లు తిరిగి కట్టే పనిలేని గ్రాంటు. అదే మన అక్క ఒకామె రెండు బర్రెల లోను కోసం ఎస్సీ కార్పొరేషన్ చుట్టూ, బ్యాంకు చుట్టూ చెప్పులరిగేదాకా తిరిగితే, పూచీకత్తు ఏముందని అడుగుతరు. కోట్లు తీసుకునేటోనికి పూచీకత్తు మన భూమే అయింది!

ఆ భూమి ఎవరిదో కొంచెం వెనక్కు పోయి చూడాలి. శంషాబాద్ పైగా నవాబుల జాగీరు. ఊరికి ఆ పేరు వచ్చిందే షంసుల్ ఉమ్రా నుంచి. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో కౌలుదారీ చట్టం, 1973లో సీలింగు చట్టం వచ్చినయి. ఇన్ని చట్టాలు దాటుకొని మాల మాదిగ వాడలకు చేరిన భూమి ఎంత? ఊరి చివర గుట్టల పక్క, రాళ్ల నేల, ఎకరమో రెండెకరాలో లావణి పట్టా. నల్లరేగడి, బాయి కింది తరి, ద్రాక్ష తోటలు ఎవరి చేతిలో ఉన్నయో వాళ్ల చేతిలోనే ఉన్నయి. మిగిలిన మనోళ్లు ఆ తోటల్లో కూలీలు, జీతగాళ్లు. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చినా జీతం ఉండుడు పోలేదు. బాకీ కింద తండ్రి జీతముంటే, పశువుల కాడ కొడుకు జీతముండె.

సర్కారు భూమి తీసుకునేటప్పుడు ఈ మెట్లన్నీ అట్లనే ఉంచి కొలిచింది. పై మెట్టు మీద పట్టాదారు. ఆయనకు నోటీసు, అవార్డు, చెక్కు. తక్కువని కోర్టుకు పోతే పెంపు. ఆ కింద లావణి పట్టా వాడు. భూమి సర్కారుదే, కాబట్టి సర్కారు వాపసు తీసుకుంటున్నది, దయతలిచి ఏదో ఇస్తున్నది అన్న పద్ధతి. ఈ అన్యాయం మీద మన రంగారెడ్డి జిల్లా నుంచే, చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారి మీద కేసు నడిచింది. మేకల పాండు కేసు అంటరు. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది: అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇయ్యాల్సిందే అని. ఈ తీర్పు మన కార్యకర్తలందరి జేబులో ఉండాలి. తీర్పు వచ్చి ఇరవై ఏండ్లు దాటినా, లావణి భూమికి ఒక రేటు, పట్టా భూమికి ఒక రేటు అని మాట్లాడే ఆఫీసర్లు ఇంకా ఉన్నరు.

ఇగ మూడో మెట్టు. అసలు మెట్టే లేదక్కడ. కాగితం లేనోడు.

ఊళ్లో సగం వాడ ఆ భూమి మీదనే బతికింది, కాని ఆ బతుకు ఏ పహాణీలో రాయలేదు. నాట్లు, కలుపు, కోతలు లెక్కకురాలేదు. కోత అయినంక చేనుల రాలిన జొన్నకంకులు ముసలవ్వలు ఏరుకునే పరిగె లెక్కకురాలేదు. డప్పు కొట్టి, చెప్పు కుట్టి, తొండం కుట్టి కల్లం కాడ తెచ్చుకునే మేర లెక్కకురాలేదు. (మేర మన బానిసతనమే, దాన్ని మెచ్చుకునేటందుకు మేము రాస్తలేము. కాని గుంజుకునేటప్పుడు దానికి బదులు ఏమిచ్చిండ్రని అడిగే హక్కు మనకున్నది.) చేని గట్ల మీద పుంటికూర, తోటకూర, కట్టెపుల్లలు, మేకల మేత, ఇవన్నీ పైసా ఖర్చులేకుండ ఇంటికొచ్చేటివి. ఎకరం ధర కట్టినప్పుడు వీటిల్ల ఒక్కటైనా కట్టిండ్రా? బొడ్రాయి పోయింది, ఎల్లమ్మ గుడి పోయింది, పోనీ అంటే బొందలగడ్డ పోయింది. మనకు ఊళ్లో స్మశానం ముందే వేరు. కొత్త కాలనీల మన పీనుగును ఎక్కడ పెట్టాలన్నది మళ్లా కొత్త పంచాయితీ.

1894 నాటి తెల్లదొరల చట్టం కింద తీసుకున్న భూమి కాబట్టి, ఆ చట్టంలో కూలోడు అన్న మాటే లేదు కాబట్టి, ఆఫీసర్ల తప్పేముంది అంటరు కొందరు. రాష్ట్ర సర్కారు నిర్వాసితుల పునరావాస విధానం జీవో 68 తెచ్చింది 2005 ఏప్రిల్ 8న. విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది అదే ఏడు మార్చి 16న. ఇరవై మూడు దినాల తేడా! పునాదిరాయి ముందుపడ్డది, మనుషుల గురించిన కాగితం ఎనక వచ్చింది.

పిల్లల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి.

1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతమున్న పిల్లల్ని, పత్తి చేన్లకు పోయే ఆడపిల్లల్ని విడిపించి బడిల ఎక్కించే పని గట్టిగ నడిచింది. ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు క్యాంపులు పెట్టి, చదువు ఎనకబడ్డ పిల్లలకు నేర్పి, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టిండ్రు. ఆ పనికే శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. పని చేసే పిల్లవాడెవడూ బడికి బయట ఉండొద్దని ప్రపంచానికి పాఠం చెప్పిన జిల్లా ఇది. అదే జిల్లాలో, అదే ఏండ్లలో, ఇంకో దిక్కు నుంచి బుల్డోజరు వచ్చింది. ఊరు లేస్తే ఏమైతది? తండ్రి అడ్డా కూలీ అయితడు. తల్లి ఇండ్లల్ల పనికి పోతది. చిన్నోన్ని చూసుకునేటందుకు పెద్దబిడ్డ బడి మానుతది. కిరాయి అర్ర ఏడాదికి రెండుసార్లు మారితే, అంగన్‌వాడి రిజిస్టరులో పేరు ఒక కాడ, పిల్ల ఇంకో కాడ. బాలింతకు రావాల్సిన గుడ్డు, పాలు పాత అడ్రసు కాడనే ఆగుతయి. రేషన్ కార్డు సంగతి చెప్పే పనే లేదు. ఒక్క పిల్ల బడి మానుడు వెనక ఇంత కథ ఉంటది. సర్కారు మాత్రం డ్రాపౌట్ అని ఒక్క ముక్క రాసుకొని, తల్లిదండ్రులకు చదువు మీద ధ్యాస లేదని తీర్పు చెప్తది.

చెక్కు వచ్చిన ఇండ్లల్ల మాత్రం పిల్లల బతుకు బాగుపడ్డదా? చెక్కు ఎవరి పేరు మీద వచ్చింది? మగాని పేరు మీద. ఆడమనిషి నలభై ఏండ్లు నడుం వంచిన చేనుకు ఆమె సంతకం కూడ అక్కరలేదు. కొన్నాళ్లు మోటరుసైకిలు, ఒక పెండ్లి, ఒక ఇల్లు. ఇంత కటువుగ రాస్తున్నందుకు మనోళ్లే మాకు కోపానికొస్తరు, తెలుసు. కాని తాగుడు కాడ పోయిన పైసలు కూడా మన పిల్లల పైసలే.

నౌకర్లు వస్తయన్నరు. వచ్చినయి, అబద్ధం కాదు. ఊడ్చుడు, తుడుచుడు, బండ్లు తోసుడు, గడ్డి కోసుడు. అన్నీ కాంట్రాక్టరు కింద. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మళ్లా మొదటి రోజే. లోపల కౌంటర్ల మీది నౌకరీకి ఇంగ్లీషు కావాలి. ఇంగ్లీషు రావాలంటే బడి ఆగకుండ నడిచి ఉండాలి. బడి ఎందుకు ఆగిందో పైన చెప్పినం.

ఇంకో దెబ్బ ఎవరికీ తెలవకుండ పడ్డది. 2018లో శంషాబాద్ మున్సిపాలిటీ అయింది. పేరుకు పట్నమైనం, సంబురమే. కాని 2005 నాటి ఉపాధి హామీ చట్టం పల్లెలకే వర్తించేది. పంచాయతీ పోయి మున్సిపాలిటీ రాంగనే వంద దినాల పని హక్కు పోయింది. భూమి పోయిన కూలోనికి ఆఖరుకు మిగిలిన ఆధారం అది. విమానాశ్రయం చుట్టూ భూముల ధర పెరిగింది, ఇంటి పన్ను పెరిగింది, పని కార్డు చిత్తుకాగితం అయింది. ఇది ఏ అభివృద్ధి లెక్కలో రాస్తరు?

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలు. ఈ చట్టంలో మొదటిసారి కూలోని పేరు రాసిండ్రు. సేకరణకు ముందు మూడేండ్లు ఆ భూమి మీద పనిచేసి బతికిన వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తి వాడు కూడా బాధిత కుటుంబమే. నౌకరీ గాని, ఐదు లక్షలు గాని, ఇరవై ఏండ్లు నెలకు రెండు వేలు గాని ఇయ్యాలె. కొత్త కాలనీలో బడి, అంగన్‌వాడి, కులాల వారీగా బొందలగడ్డ కూడా ఉండాలని మూడో షెడ్యూల్‌లో రాసున్నది. మంచి మాటలే. కాని మెలిక చూడండి. ప్రైవేటు కంపెనీకైతే నూటికి ఎనభై, సర్కారు కంపెనీ కలిసి చేసే ప్రాజెక్టుకైతే నూటికి డెబ్బై కుటుంబాల ఒప్పుదల కావాలన్నరు. ఆ ఒప్పుదల ఎవరిది? పట్టాదారులది, అసైన్డ్ భూమి వాళ్లది. కూలోనికి ఓటు లేదు. అన్నం పోయేది అందరికీ, అడిగేది కొందరినే.

ఆ కొంచెం హక్కును కూడా తెలంగాణ సర్కారు పక్కకు పెట్టచూసింది. 2015లో జీవో 123 తెచ్చి యజమానితో బేరం మాట్లాడి నేరుగా కొంటమన్నది. యజమానితో బేరం కుదిరినంక కూలోనితో పనేముంది? దీని మీద కోర్టుకు పోయినోళ్లు ఎవరనుకుంటున్నరు? పెద్ద పట్టాదారులు కాదు. జహీరాబాద్ దిక్కు నిమ్జ్ కోసం తీసుకున్న భూముల్లో పనిచేసే కూలీలు. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తర్వాత కొద్ది రోజులకే ఆ తీర్పు మీద స్టే వచ్చింది, నిజమే. కాని ఆ నడుమ సర్కారు కూలీలకు కూడా మేలు చేస్తమని కొత్త జీవోలు తీయక తప్పలేదు. కాగితం లేనోడు కాగితం రాయించిండు! దాని తర్వాత 2017లో సవరణ చట్టం తెచ్చి, పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల వంటి ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండనే భూమి తీసుకునే దారి తెరిచిండ్రు. కూలోని పేరు ఎక్కేది ఆ అంచనాలోనే. అది లేదంటే జాబితా లేదు. జాబితా లేదంటే మనిషి లేడు.

లెక్కపెట్టుడు కష్టం అని చెప్తే మేము నమ్మం. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతా సమగ్ర సర్వే చేసిండ్రు. 2024 నవంబర్‌లో కులగణన అని ఇంటింటికి వచ్చి 75 ప్రశ్నలు అడిగిండ్రు. మీ ఇంట్ల ఫ్రిజ్ ఉన్నదా అని అడిగినోళ్లకు, మీరు ఎవరి చేను మీద బతుకుతున్నరు అని అడగడం చేతకాదా?

2025లో ఫ్యూచర్ సిటీకి సంస్థ పెట్టిండ్రు. ఏడు మండలాలు, 56 రెవెన్యూ గ్రామాలు. ఇంకో దిక్కు రీజినల్ రింగురోడ్డు. అక్కడి అన్నలకు, అక్కలకు, యువజన సంఘాల తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. ఇయ్యాలే వాడవాడ తిరిగి నోటుబుక్కులో రాయండి. ఇంటి పెద్ద పేరు, ఇంటామె పేరు విడిగా. ఏ సర్వే నంబరులో ఎన్నేండ్ల నుంచి కూలి చేస్తున్నరు, ఎవరి కింద. కౌలుంటే నోటిమాట కౌలైనా సరే. మేకలు ఎన్ని, ఎక్కడ మేస్తయి. పిల్లలు ఎందరు, ఏ బడి, ఏ తరగతి, ఏ అంగన్‌వాడి. బొందలగడ్డ ఏ సర్వే నంబరు. అందరి సంతకాలు, వేలిముద్రలు పెట్టించి గ్రామసభలో చదివించి తీర్మానం రాయించండి. రాయనంటే దరఖాస్తుగా తహసీల్దారుకు ఇచ్చి నకలు మీద ముద్ర, తారీఖు వేయించుకోండి. ఆ నకలు ఒకరి ఇంట్లనే పెట్టొద్దు. మూడు ఇండ్లల్ల పెట్టండి, అందులో ఒకటి ఆడమనిషి దగ్గర.