సలాబత్‌పురా నుంచి అజంతా ఎంత దూరం?

బౌద్ధ పర్యాటకం అనగానే మన పాలకుల కళ్లముందు మెదిలేది విదేశీ యాత్రికుడు. ఐఆర్‌సీటీసీ బౌద్ధ యాత్రా రైలు ఢిల్లీలో బయలుదేరి గయ, వారణాసి, గోరఖ్‌పూర్‌ల మీదుగా 8 రోజులు తిరుగుతుంది. పెట్టెలన్నీ ఏసీవే. అందులో తప్పేమీ లేదు. కానీ శ్రామికులు ఎక్కే మామూలు రైళ్లు కూడా బౌద్ధ క్షేత్రాల పక్కనుంచే పోతున్నాయన్న స్పృహ మన విధానాల్లో కానరాదు.

సూరత్‌లోని సలాబత్‌పురా, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో జౌళి మార్కెట్లనూ మరమగ్గాలనూ నమ్ముకొని బతుకుతున్న తెలుగు కుటుంబాలున్నాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు వారిలో ఉన్నారు. సూరత్ నుంచి తెలుగునేలకు వచ్చే బండ్లలో అహ్మదాబాద్–చెన్నై నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. అది జల్‌గావ్‌లో ఆగుతుంది. అక్కడికి సుమారు 60 కిలోమీటర్లలో అజంతా. ఖమ్మంలో ఆగుతుంది, చేరువలోనే నేలకొండపల్లి స్తూపం. విజయవాడలో ఆగుతుంది, అక్కడి నుంచి అమరావతి ఒక్క పూట ప్రయాణం.

ఈ క్షేత్రాలతో నేతకారుల బంధం కొత్తది కాదు. సుమారు 1,900 ఏళ్ల నాటి నాసిక్ గుహ శాసనం ప్రకారం, నహపాణుని అల్లుడు ఉషవదాతుడు గోవర్ధనంలోని సాలెల శ్రేణి వద్ద 2,000 కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి వడ్డీకి నిలవ ఉంచాడు. ఆ వడ్డీతో భిక్షువులకు చీవరాలు సమకూరేవి. రాజకుటుంబమే నమ్మి సొమ్ము దాచుకున్న సంఘం సాలెలది! అదే గుహలోని మరో శాసనం తాపీ నదిపై ఉచిత పడవల ఏర్పాటును చెబుతుంది. సూరత్ ఆ తాపీ ఒడ్డునే ఉంది. అమరావతి దాతలలో విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. అంటే ఇది రాజులు ఒక్కరే నిలబెట్టిన సంపద కాదు.

ఇక రైల్వే నిబంధన చూడండి. దూరప్రయాణపు టికెట్‌పై మధ్యలో దిగి, మళ్లీ ప్రయాణం కొనసాగించే సౌకర్యం మొదటి 500 కిలోమీటర్లు దాటాకే వర్తిస్తుంది. సూరత్ నుంచి జల్‌గావ్ దాదాపు 300 కిలోమీటర్లే. కాబట్టి ఆ టికెట్‌పై అజంతాకు దిగే వీలు లేదు. ఖమ్మంలో దిగవచ్చు, కానీ ఆ సంగతి ఎందరికి తెలుసు?

పెళ్లికో చావుకో ఊరికి పరుగెత్తే కూలీకి విహారమెక్కడిదని కొందరు అడగవచ్చు. తీరిక లేకపోవడం నిజమే. అయితే అది అతని అభిరుచి లోపం కాదు, అతని పని పరిస్థితుల ఫలితం. తీరిక దొరికిన ఆ ఒక్క రోజున కూడా నిబంధనే అడ్డుపడడం న్యాయం కాదు.

స్వదేశ్ దర్శన్ పథకం కింద 2017–18లో గుజరాత్‌కూ ఆంధ్రప్రదేశ్‌కూ బౌద్ధ వలయాలు మంజూరయ్యాయి. వాటికి నిధులు కావాలి. దీనికి ఒక ఉత్తర్వు చాలు. వారసత్వ క్షేత్రాల సమీప స్టేషన్లకు 500 కిలోమీటర్ల షరతు ఎత్తివేయాలి. ఆ సౌకర్యాన్ని టికెట్ మీదే ప్రయాణికుని భాషలో ముద్రించాలి. చీవరాలకు వడ్డీ కట్టిన సాలెల వారసులకు ఆ గుహల ముందు ఒక పూట నిలబడే హక్కయినా ఉండాలి.