మొక్కు ఆగుతుంది, పిల్లాడి నిద్ర ఆగదు

ఇండియా ట్రిప్పు ప్లాన్ ఏంటని అడిగితే మనవాళ్ళు వెంటనే ఎక్సెల్ షీటు తెరుస్తారు. శనివారం అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో దిగటం. అక్కడే ఇన్నోవా ఎక్కి సుమారు 200 కిలోమీటర్లు, తెల్లారేసరికి ఖమ్మం. ఆదివారం రెస్టు (అంటే చుట్టాలందరూ చూడటానికి వస్తారన్నమాట). సోమవారం తెల్లవారుజామున మూడింటికి లేచి ఇంకో 120 కిలోమీటర్లు, భద్రాచలం. గోదావరి స్నానం, పిల్లాడి పుట్టువెంట్రుకలు, దర్శనం. మంగళవారం పర్ణశాల. ఆ షీటులో షాపింగుకి కూడా ఒక వరస ఉంటుంది. రెండేళ్ళ పిల్లాడు ఎప్పుడు నిద్రపోతాడన్నదానికి మాత్రం ఉండదు.

తీరా తల నీలాలు తీసేచోట వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే "అమెరికా పిల్లలకి మొండితనం ఎక్కువ" అని ఒక పిన్నిగారు, "దిష్టి తగిలింది" అని ఒక అత్తయ్యగారు. తప్పు వాడిదీ కాదు, దిష్టిదీ కాదు. ఆ షీటు తయారుచేసిన వాళ్ళది.

లెక్క చూద్దాం, మనకి లెక్కలంటే ఇష్టమే కదా. వేసవిలో కాలిఫోర్నియాకీ ఇండియాకీ తేడా 12.5 గంటలు, న్యూజెర్సీకైతే 9.5. ఒంట్లో ఉన్న గడియారం సర్దుకునేది సుమారుగా రోజుకో గంట. అంటే న్యూజెర్సీ నుంచి వచ్చినవాళ్ళకి తొమ్మిది పది రోజులు, కాలిఫోర్నియా వాళ్ళకి దాదాపు రెండు వారాలు. దొరికే సెలవే మూడు వారాలు! ఈ గడియారం ఎవరో సరదాగా అన్న మాట కాదు. పండ్ల ఈగల మీద పనిచేసి దాన్ని నడిపే జన్యువుల సంగతి తేల్చినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు.

సర్వర్లు చూసేవాళ్ళకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవ్వాలి. గడియారం కాస్త తప్పితే ఎన్‌టీపీ దాన్ని ఒక్కసారిగా గెంతించదు, మెల్లగా జరుపుతుంది. గెంతిస్తే లాగులూ, క్రాన్ జాబులూ తలకిందులైపోతాయి. పిల్లాడి ఆకలీ, నిద్రా, ఒంటి వేడీ అన్నీ అలాంటి జాబులే. మిషన్ మీద చూపించే జాలి కన్నకొడుకు మీద చూపించలేమా?

"విమానంలో ఒక మూత బెనడ్రిల్ పోస్తే హాయిగా పడుకుంటాడు" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అమెరికాలో పిల్లల కోసం అమ్మే ఆ సీసా వెనకాలే, పిల్లల్ని నిద్రపుచ్చటానికి దీన్ని వాడొద్దని రాసి ఉంటుంది. తిప్పి చదవండి. పైగా కొంతమంది పిల్లలకి దాంతో నిద్ర రాకపోగా ఇంకా రెచ్చిపోతారు. మెలటోనిన్ గమ్మీలంటారా? అక్కడ వాటిని మందుగా కాదు, సప్లిమెంటుగా అమ్ముతారు. 2023లో జామా పత్రికలో వచ్చిన పరీక్షలో 25 రకాలు చూస్తే 22 రకాల్లో లేబుల్ మీద ఉన్న మోతాదుకీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. టెస్టింగ్ కాని బిల్డుని ప్రొడక్షన్‌లోకి వదలం, పిల్లాడి ఒంట్లోకి మాత్రం వదిలేస్తాం.

"పిల్లలు మనకన్నా తొందరగా అలవాటు పడతారులే" అనేది ఇంకో వాదన. సరే, రెండు మూడు రోజులు ముందే పడతారనుకుందాం. అయినా సోమవారం తెల్లవారుజాముకి పడరుగా!

మా ఇల్లు పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే వైపు. అక్కడ మే, జూన్ నెలల ఎండ గురించి చెప్పక్కర్లేదు. తలుపులన్నీ మూసి, కర్టెన్లు దించి, కూలర్ పెట్టి "పాపం పడుకోనీ, అలిసిపోయాడు" అంటుంది నాయనమ్మ. ప్రేమే, కాదనను. కానీ ఒంట్లో గడియారాన్ని తిప్పేది వెలుతురు. పగలంతా చీకటి గదిలో పడుకోబెడితే రాత్రి రెండింటికి లేచి ఆడుకోక ఏం చేస్తాడు? పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, మళ్ళీ ఎండ తగ్గాక బయట తిప్పండి. మధ్యాహ్నం గంట, గంటన్నర కాగానే ఏడ్చినా సరే లేపండి. అన్నం ఇక్కడి టైముకే పెట్టండి. రాత్రి లేస్తే ఫోను చేతికివ్వకుండా చీకట్లోనే కబుర్లు చెప్పండి.

రాత్రి లేచినవాణ్ణి వరండాలోకి తీసుకెళ్ళి తిప్పటం మాత్రం మన వైపు అస్సలు పనికిరాదు. భద్రాచలం ఏజెన్సీకి మలేరియా పాత చుట్టం. కేసులు బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. మలేరియా దోమ కుట్టేది పొద్దు గూకినప్పటి నుంచి తెల్లారేదాకా, అంటే సరిగ్గా మనవాడు మేలుకుని ఉండే వేళ. అక్కడ పుట్టిపెరిగిన పిల్లలకి దాన్ని తట్టుకునే శక్తి ఉండదు. దోమతెర లోపలే ఆడించండి. ముందుజాగ్రత్త మందు గురించి బయల్దేరేముందే పిల్లల డాక్టర్ని అడగండి, కొన్ని మందులు రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. దోమ కుట్టాక జ్వరం బయటపడటానికి కనీసం వారం పడుతుంది, కొన్నిసార్లు నెలలు పడుతుంది. అంటే తిరిగి వెళ్ళిపోయాక రావచ్చు. అప్పుడు పిల్లాడు నీరసంగా పడుంటే "జెట్‌లాగ్‌లే" అనేస్తాం. జెట్‌లాగ్‌కి జ్వరం రాదు. ఒళ్ళు కాలితే ఆ రోజే డాక్టర్ దగ్గరకి వెళ్ళి, ఇండియాలో అడవి పక్క ఊళ్ళో ఉండి వచ్చామని మీరే చెప్పండి. అక్కడి డాక్టరుకి మలేరియా వెంటనే తట్టకపోవచ్చు.

ఇవన్నీ తెలియక కాదు మనం ఆ షీటు అలా తయారుచేసేది. క్లయింటు తేదీ ముందుకి జరిపితే "కుదరదు, బఫర్ కావాలి" అని మెయిల్ కొట్టగలం. పెదనాన్నకి మాత్రం "సోమవారం కుదరదు" అని చెప్పలేం. మన మొహమాటం ఖర్చు పిల్లాడి చేత కట్టిస్తున్నాం, అంతే. దేవుడి పేరు అడ్డం పెట్టుకోవద్దు. రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఎదురుచూశాడని చెప్పుకునే క్షేత్రం అది. మన మొక్కు పది రోజులు ఆగలేదా? అసలు ట్రిప్పే పది రోజులైతే పసిపిల్లలతో భద్రాచలం ఈసారికి మానుకోండి, వచ్చే ఏడు వెళ్దాం.

టిక్కెట్టు కొన్న రోజే ఇంటికి ఫోను చేసి "నాన్నా, మొదటి వారం ఎక్కడికీ తిరగం, ఇంట్లోనే ఉంటాం" అని చెప్పెయ్యండి. ఆయన నొచ్చుకుంటారేమో అని మనం భయపడతాం గానీ, మనవడు వారం రోజులు ఇంట్లోనే ఉంటానంటే వద్దనే తాతయ్య ఎవరుంటారు చెప్పండి?