గెడ్డ ఎండాక చెక్‌డ్యామ్ ఏం చేస్తుంది?

పై వీడియోలో కనిపిస్తున్నది అనంతగిరి కొండల దిగువన మా మడుల పక్కనుంచి పోయే గెడ్డ. ఫిబ్రవరిలో తీసింది. నీళ్లెక్కడ అంటారా, అదే ఇవాళ్టి సంగతి.

తప్పు నాతోనే మొదలుపెడతా. కొండ మొదట్లో మాకు అరెకరం ఊట నేల ఉంది. తుంగ, మొగలి పొదలు, మోకాలిలోతు బురద. గేదె దిగితే లాగడానికి నలుగురు కావాలి. డిప్లొమాలో మురుగు కాలువల పాఠం బాగా చదివాను కదా! నాలుగేళ్ల కిందట జేసీబీతో కాలువ తీయించి, నీరు దింపేసి కూరగాయలు వేశా. డబ్బులొచ్చాయి. కానీ ఉగాది దాటినా పారే గెడ్డ, సంక్రాంతి వెళ్లగానే చెలమలుగా మిగలడం మొదలైంది. దిగువన మా బాబాయి వంగతోట తడి అందక ఎండిపోయింది. ఆయన ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

అడవి ఉంటే నీళ్లు పెరుగుతాయని మనం అంటూంటాం. అది సగం నిజమే. చెట్టూ నీరు తాగుతుంది. తమిళనాడు నీలగిరి కొండల్లో గడ్డి నేలల మీద యూకలిప్టస్ నాటి కొలిస్తే, వాగుకి చేరే నీరు దాదాపు 16 శాతం తగ్గింది. అందుకే ఏ మొక్క నాటినా అడవే అనేవాళ్లంటే నాకు గుబులు. పాత అడవి చేసే పని వేరు. రాలిన ఆకు వాన దెబ్బని ఆపుతుంది (మనం పొలంలో చేసే ఆచ్ఛాదన అదే కదా). వేర్లు, చెదలు, వానపాములు చేసిన సందుల్లోంచి నీరు లోపలికి దిగుతుంది. అది నెలల తరబడి జారి, ఊట నేలలో తేలి, కొద్దికొద్దిగా గెడ్డలో పడుతుంది. వాన లేని రోజుల్లో పారేది ఈ నీరే. కొండని కాల్చి బోడి చేస్తే అదే వాన ఒక్క పూటలో ఎర్రగా వచ్చి గట్లు తెంచుకుపోతుంది. ఊట నేల నిండా నానాక పెద్ద తుపాను వస్తే మాత్రం అదీ ఆపలేదు.

చెక్‌డ్యాములకి నేను వ్యతిరేకిని కాదు. పారే నీరుంటేనే అది ఆపేది. ఊట నేలని పనికిరాని భూమి అని రాసి, అక్కడే ఫారంపాండ్ తవ్వుతామంటే మాత్రం ఒప్పుకోను. ఇలాంటి గెడ్డలు కలిస్తేనే గోస్తనీ, అది తాటిపూడిలో నిలిస్తేనే విశాఖ కుళాయిలకి నీళ్లు.

మే నెలలో నా కాలువని రాళ్లు, మట్టి వేసి నేనే పూడ్చేశా. తుంగ మళ్లీ మొలిచింది. సంక్రాంతి వెళ్లాక అక్కడే నిలబడి ఇంకో వీడియో పెడతా.