ఇంద్రావతి దున్నపోతులను కూతుళ్లను బట్టి లెక్కగట్టాలి

స్విట్జర్లాండ్‌లోని పోస్కియావో లోయలో పొగాకు చిట్టెలుక అని పేరుపడ్డ ఒక రకం ఉంది. మామూలు ఇంటి చిట్టెలుక కణంలో 40 క్రోమోజోములుంటే దీనికి 26 మాత్రమే. జన్యు సమాచారం పోలేదు. చిన్న క్రోమోజోములు రెండేసి అతుక్కుపోయి పెద్దవయ్యాయి, అంతే. లోయ మగ ఎలుకను ఇంటి ఆడ ఎలుకతో జతకడితే 33 క్రోమోజోములున్న పిల్లలు పుడతాయి. వాటిలో ఆడపిల్ల చూడటానికి ఆరోగ్యంగానే పెరుగుతుంది. చిక్కు ఆమె అండాలలో వస్తుంది. తండ్రి ఇచ్చిన ఒక పెద్ద క్రోమోజోముకు తల్లి ఇచ్చిన రెండు చిన్నవి ఎదురు నిలవాలి. ఆ మూడూ సరిగ్గా విడిపోకపోతే అండంలో ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. అలాంటి పిండాలు చాలావరకు కడుపులోనే పోతాయి.

తండ్రిలో ఏ లోపమూ లేదు. తన లోయలో తన జాతి ఆడదానితో చక్కగా పిల్లల్ని కంటాడు. లెక్క తేడా బయటపడేది కూతురి కాన్పులో.

ఈ చిట్టెలుక కథతో బీజాపూర్‌కు పని ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అడవి గేదె. మన దగ్గర అడవిదున్న అని సాధారణంగా పిలిచే గౌర్ వేరు, ఇది వేరు. ఇది ఇంటి గేదెకు అడవిలోని మూల బంధువు, అక్కడివారు వన భైంసా అంటారు. మధ్య భారతంలో దీనికి మిగిలిన ముఖ్యమైన ఆశ్రయం బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి జాతీయ పార్కు. 1983లో పులుల అభయారణ్యమైన ఈ అడవిలో దశాబ్దాల సాయుధ ఘర్షణ వల్ల సర్వేలు కష్టమయ్యాయి. అదే రాష్ట్రంలోని ఉదంతిలో పరిస్థితి ఇంకా దయనీయం: ఒక దశలో మగవి కొన్ని ఉన్నా ఆడది ఆశ ఒక్కటే మిగిలింది. ఆమె కణాల నుంచి కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2014 డిసెంబరులో దీపాశ అనే క్లోన్‌ను పుట్టించింది. వార్తలు బాగానే వచ్చాయి. కానీ క్లోన్ ఉన్న జంతువుకు నకలు. మందలోకి కొత్త తండ్రిని తీసుకురాలేదు.

తరువాత 2020లోనూ 2023లోనూ అస్సాంలోని మానస్ నుంచి అడవి గేదెలను బర్నవాపారాకు తెచ్చారు. ఆలోచన మంచిదే. అయితే ఇక్కడే పోస్కియావో పాఠం గుర్తుకు రావాలి. గేదెలలోనూ రెండు లెక్కలున్నాయి. ముర్రా వంటి నది రకానికి 50 క్రోమోజోములు, ఈశాన్య భారతంలో కనిపించే చిత్తడి రకానికి 48. రెండూ కలిస్తే 49. ఆ సంకర గేదె గొడ్డుపోదు కానీ, చూడి నిలిచే అవకాశం తగ్గవచ్చు. అందుకే జతకట్టే ముందు రెండు వైపుల పశువుల నెత్తురు తీసి క్రోమోజోములు లెక్కపెట్టడం తప్పనిసరి నియమం కావాలి, ఆ ఫలితం అందరికీ తెలియాలి. అడవి అంచు పల్లెల్లో మేతకు తోలే ఇంటి దున్నపోతులు మందలో కలవకుండా చూడటం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

పాడి పరిశ్రమ ఈ సంగతిని డబ్బు పోగొట్టుకుని నేర్చుకుంది. దశాబ్దాలపాటు అమెరికాలో హోల్‌స్టీన్ ఆబోతులను కూతుళ్ల పాలను బట్టే ఎంచుకున్నారు. పాలు పెరిగాయి, ఆవులు చూడి కట్టడం తగ్గింది. చివరకు 2003లో అమెరికా వ్యవసాయ శాఖ ఆబోతు విలువలో కూతుళ్లు చూడి కట్టే రేటును కూడా చేర్చింది. ఆబోతు తానెప్పుడూ ఈనదు; అయినా ఆ గుణం దాని ఖాతాలో రాస్తారు. అడవి జంతువుల సంరక్షణలో మాత్రం మగదాన్ని ఇంకా కొమ్ముల పొడవుతో, ఒంటి కండతో చూసే అలవాటు పోలేదు.

చిన్న మందలో మరో ముప్పు ఉంది. ఒకే దున్నపోతు కొన్నేళ్లు ఏలితే దాని కూతుళ్లు దానితోనే కడతాయి. అలా పుట్టిన దూడలో ప్రతి జన్యువుకూ ఒకే పూర్వీకుడి నకలు రెండు కలిసే అవకాశం 25 శాతం. దాగి ఉన్న లోపాలు బయటికొచ్చేది అప్పుడే.

ఇంద్రావతిలో జంతువులను పట్టి పరీక్షించడం ఇప్పట్లో సులువు కాదు, అవసరమూ లేదు. తాజా పేడ నుంచి డీఎన్ఏ తీసి ఏ దూడకు ఏది తండ్రో చెప్పవచ్చు. ఆ పేడ ఎక్కడ దొరుకుతుందో భోపాలపట్నం వైపు పశువుల కాపర్లకు అటవీ సిబ్బంది కన్నా బాగా తెలిసి ఉంటుంది; వారికి కూలి ఇచ్చి ఈ పనిలోకి తీసుకోవాలి. నది దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు తిరిగే గేదెల నమూనాలు కూడా ఇదే పట్టికలో ఉండాలి, జంతువులకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కనుక.

తొందరపడి ఫలితం చెప్పడానికి మాత్రం వీల్లేదు. గేదె పది నెలలకు పైగా మోస్తుంది; ఆడదూడ ఎదిగి తొలి ఈత ఈనడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. ఈ ఏడాది బర్నవాపారాలో ఆడదూడ పుట్టినా, దాని తండ్రి ఎంపిక సరైనదో కాదో తేలేది ఆ దూడ రెండో ఈతకు వచ్చినప్పుడు.