కెర్నెల్‌లోని పాత విద్యుత్ నిర్వహణ కోడ్ తొలగింపుపై తీర్మానం

సీపత్‌లో సమావేశమైన సీపత్, బిలాస్‌పూర్ ప్రాంతాల తెలుగు లినక్స్ వాడుకరుల సభ, లినక్స్ కెర్నెల్‌లో మిగిలివున్న ఏపీఎం కోడ్ విషయాన్ని చర్చించి, ఒక సవరణతో ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

పూర్వాపరాలు

ఏపీఎం, అంటే అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్, 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన పద్ధతి. ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చడం, బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పడం, షట్‌డౌన్ చేశాక కరెంటు దానంతటదే ఆగేలా చూడడం దీని పనులు. ఇందులో పెత్తనం బయోస్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్ అడగగలదే కానీ, లోపల ఏం జరుగుతోందో దానికి తెలియదు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త పద్ధతిని తెచ్చాక ఈ వరస మారింది. బయోస్ పట్టికలు అందిస్తుంది, నిర్ణయం ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకుంటుంది. విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ ఏపీఎంను పూర్తిగా వదిలేసింది.

లినక్స్‌లో మాత్రం 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నెల్‌లోనూ ఏపీఎం డ్రైవర్ ఉంది. అది 32-బిట్ ఎక్స్86 యంత్రాలకే పనికొస్తుంది. ఏసీపీఐ నడుస్తుంటే తానే పక్కకు తప్పుకుంటుంది. ఒకటికి మించి ప్రాసెసర్లుంటే, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప, పనిచేయనంటుంది.

పనిచేయకపోయినా దాని బాగోగులు ఎవరో ఒకరు చూడాల్సిందే. బయోస్ తాకకూడని చోట మెమరీని తాకినా యంత్రం కూలిపోకుండా అందులో ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ సమయాన్ని బైట్లు తిరగేసి చెబుతాయి కాబట్టి వాటికో మినహాయింపు ఉంది. కెర్నెల్‌లో ప్రాసెసర్‌కు సంబంధించిన భాగాన్ని మార్చినప్పుడల్లా వీటినీ చూసుకోవాలి. మార్చాక సరిగ్గా ఉందో లేదో చూద్దామంటే ఆ కాలపు యంత్రం చేతికి దొరకదు. ఇల్లు ఖాళీ చేశాక కూడా అద్దె కట్టడం లాంటిదే ఇది.

పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదపాలన్న అభ్యంతరం సభలో వచ్చింది. అది పనిచేస్తోందని ఈ రోజు ఎవరు చూసి చెప్పగలరన్న ఎదురు ప్రశ్నకు సభలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

సభ పరిగణనలోకి తీసుకున్న ముందు అనుభవాలు

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను మొదలుపెట్టింది 386 ప్రాసెసర్ మీద. ఆ 386కే 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నెల్‌తో మద్దతు ముగిసింది. పుట్టిల్లు అన్న మమకారం దాన్ని ఆపలేదు.

తొందరపడితే ఏమవుతుందో చెప్పే అనుభవమూ ఉంది. ప్రాక్ డైరెక్టరీలో ఏసీపీఐ బ్యాటరీ వివరాలిచ్చే పాత ఫైళ్లను 2013లో కెర్నెల్ నుంచి తీసేశారు. వాటినే నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ఆగిపోవడంతో 2014లో మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

దేన్నైనా వరస ప్రకారం ఆపడం సభ జరిగిన ఊరికి కొత్త కాదు. సీపత్ ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. యూనిట్ ఆపడమంటే ఒక్క స్విచ్ నొక్కడం కాదని ఈ ఊరివాళ్లకు తెలుసు. ముందు గ్రిడ్‌కు కబురు వెళుతుంది, లోడు తగ్గుతుంది, ఆ తర్వాతే యూనిట్‌ను విడదీస్తారు. పాల్వంచలోనూ కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం పాత యూనిట్లు ముందు ఆగాయి. వాటి కూలింగ్ టవర్లను కూల్చింది ఆ తర్వాత, 2024 ఆగస్టు 5న. కోడ్‌కూ ఇదే వరస ఉండాలని సభ అభిప్రాయపడింది.

కాబట్టి ఈ సభ ఇందుమూలంగా తీర్మానిస్తున్నది:

1. ఏపీఎం కోడ్‌ను లినక్స్ కెర్నెల్ నుంచి తొలగించడాన్ని ఈ సభ సమర్థిస్తున్నది. పరీక్షించే దిక్కులేని కోడ్‌ను ఉంచడం పాత యంత్రాల యజమానులకు మేలు కాదు, ఉత్త భరోసా మాత్రమే.

2. తొలగింపు ఒక్కసారిగా జరగరాదు. ముందుగా కెర్నెల్‌లోని ఏపీఎం ఎంపిక కాలం చెల్లినదని గుర్తు పెట్టాలి. వాడుతున్నవారికి బూట్ సమయంలోనే హెచ్చరిక కనిపించాలి. దీర్ఘకాల మద్దతున్న కెర్నెల్ ఒక్కటైనా ఆ హెచ్చరికతో వెలువడ్డాకే కోడ్‌ను తీసేయాలి.

3. ప్రాక్ డైరెక్టరీలోని ఏపీఎం ఫైలును చదివే ప్రోగ్రాములను, ఆ లోగా సిస్‌ఎఫ్‌ఎస్‌లోని పవర్ సప్లై విభాగానికి మార్చాలి. 2014 నాటి వెనకడుగు మళ్లీ పడకూడదు.

4. తొలగించే మార్పుకు రాసే వివరణలో కారణంతో పాటు, ఆ కోడ్ ఉన్న చివరి కెర్నెల్ ఏదో స్పష్టంగా చెప్పాలి. పదేళ్ల తర్వాత వెతికేవారికి దారి దొరకాలి.

5. (సవరణ ద్వారా చేర్చినది) పాత యంత్రం ఉన్నవారికి దాన్ని పారేయమని ఎవరూ చెప్పరాదు. ఆ చివరి కెర్నెల్‌తోనే వారు దాన్ని నడుపుకోవచ్చు. అయితే భద్రతా సవరణలు ఆగిపోయాక దాన్ని ఇంటర్నెట్‌కు కలపవద్దని వారికి తెలియజేయాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ గానీ కెర్నెల్ గానీ లేవు కనుక, ఈ హెచ్చరిక ఇప్పుడే అవసరం.

6. సభ్యులు తమ ఇళ్లలోని 32-బిట్ యంత్రాలను ఒకసారి బూట్ చేసి, కెర్నెల్ సందేశాల్లో ఏపీఎం పనిచేస్తున్నట్టు ఉందో, ఏసీపీఐ వల్ల తప్పుకున్నట్టు ఉందో రాసి ఇవ్వాలి. ఒక్కటీ దొరకకపోతే ఆ సంగతినీ నమోదు చేయాలి. ఈ వివరాలను కెర్నెల్ నిర్వాహకులకు పంపాలి.

7. ఏపీఎం నుంచి ఏసీపీఐకి మారడంపై తెలుగులో ఒక చిన్న కరపత్రం రాసి, అడిగినవారికి ఉచితంగా ఇవ్వాలి.

తీర్మానాన్ని ఒక సభ్యుడు ప్రతిపాదించగా మరొకరు బలపరిచారు. అభ్యంతరం చెప్పినవారు ఐదో అంశం చేరాక తమ అభ్యంతరాన్ని ఉపసంహరించుకున్నారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

విజ్ఞప్తి: మీ అటక మీద పాత ల్యాప్‌టాప్ ఉంటే, తుక్కు కొనేవారికి ఇచ్చే ముందు ఒక్కసారి ఆన్ చేసి చూడండి. అందులో ఏపీఎం నిజంగా పనిచేస్తుంటే మాకు చెప్పండి. కోడ్ తీసేయకముందు తెలియాల్సిన సంగతి అదొక్కటే.