సెల్‌ఫోనులో సాతాను

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళకు కొదవ లేదు. బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళ పిల్లలం, మనవలం. గుళ్ళూ మావే, చర్చీలూ మావే, మధ్యలో నాలాంటి నాస్తికుడొకడు. మా ఆవిడ చర్చికి వెళుతుంది. ఆ మధ్య ఒక ఆదివారం యువజనుల కూడిక ఉంది, కనీసం భోజనానికైనా రమ్మంది. వెళ్ళాను.

ఈ కాలపు శోధనల మీద ప్రసంగం. సెల్‌ఫోను సాతాను వల అన్నారు పాస్టరు గారు. విశ్వాసం గట్టిగా ఉన్నవాడికి ఫోను చేతిలో ఉన్నా మనసు చెదరదట. చెదిరిందంటే ప్రార్థన చాలలేదట. సాక్ష్యంగా గెత్సేమనే తోటలో యేసు శిష్యుల్ని మెలకువగా ఉండి ప్రార్థించమన్న ఘట్టం చదివారు.

నాకు ఆ కథలో ఇంకో సంగతి కనబడింది. చెప్పినవాడు వాళ్ళకు సాక్షాత్తూ దేవుడి కుమారుడు. విన్నవాళ్ళు ముఖ్య శిష్యులు. అయినా మూడుసార్లూ నిద్రపోతూ దొరికారు. వాళ్ళ కళ్ళు బరువెక్కాయని మత్తయి సువార్తే చెబుతోంది. పండగ భోజనం అయింది, పొద్దుపోయింది, అలసిపోయారు. మధ్యలో సాతానుతో పనేముంది?

ఆ హాల్లో కూర్చున్న పెద్దల్లో చాలామంది రైల్వేవాళ్ళే. లోకో క్యాబులో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అని ఒకటుంటుందని వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. డ్రైవరు సుమారు నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది. తర్వాత బజరు మోగుతుంది. అప్పటికీ ఉలకకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. నువ్వు భక్తుడివా, పాపివా అని అది అడగదు. ఎంతటివాడికైనా ధ్యాస తప్పుతుందని ముందే ఒప్పుకుని దాన్ని తయారుచేశారు. నాకైతే చర్చిలో చేసే పాపపు ఒప్పుకోలు కన్నా ఈ ఒప్పుకోలే నిజాయితీగా కనిపిస్తుంది. ఇంజన్లో ఇంత తెలివిగా ఆలోచించేవాళ్ళు ఆదివారం పూట ఆ తెలివిని చెప్పులతోపాటు బయట వదిలి వస్తారెందుకు?

రైల్వే పెద్దలూ అప్పుడప్పుడు పాస్టర్లైపోతారనుకోండి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు వెనకనుంచి పలాస ప్యాసింజరును గుద్దింది. 14 మంది పోయారు. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది. డ్రైవర్లు ఫోన్లో మ్యాచ్ చూస్తూ పరధ్యానంలో పడ్డారని 2024 మార్చిలో సాక్షాత్తూ రైల్వే మంత్రే చెప్పారు. దేశమంతా నమ్మేసింది, ఎందుకంటే అది మనకు అలవాటైన శోధన కథ. తీరా భద్రతా కమిషనర్ దర్యాప్తులో ఆ సమయంలో ఫోన్లలో డేటా వాడకమే లేదని తేలింది. చెడిపోయిన సిగ్నళ్ళను నిబంధనల ప్రకారం దాటకపోవడం అసలు తప్పు. మా ఊరి దగ్గరే 2025 నవంబరు 4న మెమూ బండి గూడ్సును గుద్ది పదిమందికి పైగా చనిపోయారు. డ్రైవరు మానసిక సామర్థ్య పరీక్ష పాసవకుండానే ప్యాసింజరు బండి అప్పగించారని ప్రాథమిక నివేదిక. చనిపోయినవాడి పాపం లెక్కపెట్టడం సులువు. బండి అప్పగించినవాళ్ళ పద్ధతిని లెక్కపెట్టడమే కష్టం.

ఫోను సంగతీ అంతే. ఎంత జరిపినా అంతం లేని పేజీని 2006లో తయారుచేసింది ఆజా రాస్కిన్ అనే మనిషి. తర్వాత ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే పావురం మీటను ఎక్కువగా పొడుస్తుందని స్కిన్నర్ ఎప్పుడో చూపించాడు. రీల్స్ చేసేది ఆ పనే. దీనికి సాతాను అని పేరు పెడితే ఎవరికి లాభం? సాతాను మీద కేసు పెట్టలేం. కంపెనీ మీద పెట్టొచ్చు.

భోజనాల దగ్గర పన్నెండో తరగతి చదివే కుర్రాడొకడు నా పక్కన చేరాడు. నేను నాస్తికుణ్ణని తెలిసే వచ్చాడనుకుంటాను. "అంకుల్, మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. నాలుగో రోజు రాత్రి రెండింటిదాకా రీల్స్ చూశాను. దేవుడు నన్ను వదిలేశాడంటారా?" అని మెల్లిగా అడిగాడు. విస్తట్లో అన్నం అలాగే ఉంది. నాకు కోపం వచ్చింది, ఆ పిల్లాడి మీద కాదు.

ఉపవాస కూడికల్లో ఫోన్లు బుట్టలో వేయించే చర్చీలూ ఉన్నాయి. పనిచేస్తుంది, కాదనను. ఫోను బుట్టలో ఉంది కాబట్టి పనిచేస్తుంది. అదే వాడికి చెప్పాను. రాత్రి తొమ్మిదికి ఫోను మీ అమ్మ బీరువాలో పెట్టించు, తాళం ఆవిణ్ణే ఉంచుకోమను, నీలో చెడు ఏమీ లేదు అన్నాను. "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. అప్పుడు అన్నం కలుపుకున్నాడు.

వెళ్ళేముందు పాస్టరు గారితోనూ ఈ మాటే అన్నాను. చిరునవ్వు నవ్వి, "మీ కోసం ప్రార్థన చేస్తాను బ్రదర్" అన్నారు. మర్నాడు ఆ ప్రసంగం యూట్యూబులో వచ్చింది. మా ఆవిడ చూపించింది. చివర్లో గంట గుర్తు నొక్కమనీ, తర్వాతి వీడియో కూడా తప్పక చూడమనీ ఉంది.